దొంగల ఊళ్ళో మా నాయన డ్యూటీ

బస్సు కింద కోడిపిల్ల కూడా పడని డ్రైవరు అని మా నాయనకు పేరు. మదనపల్లె డిపోలో బయలుదేరి పుంగనూరు, పలమనేరు, వెంకటగిరికోట మీదుగా కుప్పం దాకా ఇరవై రెండేళ్ళు ఎర్రబస్సు నడిపాడు. ఆ దారిలో కోళ్ళు, కుక్కలు, టమోటా గంపలు, సంతకు పోయే జనం, పట్టపగలే తాగి రోడ్డు మధ్యలో కూర్చుని ప్రభుత్వాన్ని తిట్టే పెద్దమనుషులు, అన్నీ ఉండేవి. ఎవరి ఒంటి మీదా గీత పడలేదు. గొర్రెల మంద అడ్డం వస్తే మిగతా డ్రైవర్లు హారన్ మోగించేవాళ్ళు. మా నాయన ఇంజన్ ఆపేసి, ఆఖరి గొర్రెపిల్ల దాటేదాకా స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చునేవాడు. ఆయన బస్సెక్కితే ప్రాణానికి భయం లేదు, పని చెడుతుందనే భయం అని పలమనేరు కూరగాయల వ్యాపారులు అనేవాళ్ళు.

ఇంత జాగ్రత్త మనిషికి డిపోలో రావాల్సిన పైమెట్టు ఒకటుంది. అది బెంగుళూరు సర్వీసు. కొత్త బస్సు, మంచి రోడ్డు, ఒకరోజు పోయివస్తే మరునాడు విశ్రాంతి, పైగా వీధిలో మర్యాద. సీనియారిటీ ప్రకారం మా నాయనకు రెండుసార్లు పిలుపు వచ్చింది. రెండుసార్లూ వద్దని రాసిచ్చాడు. ఎందుకని ఎవరడిగినా "కుప్పం రోడ్డు అలవాటయిపోయినాదిలేప్పా" అనేవాడు.

అమ్మకు ఒళ్ళు మండిపోయేది. "అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈ మనిషికి పిలిచి పెడతాండారు, తినేదానికి నోరు రాదు" అని పక్కింటికి వినపడేలా అనేది. నాయన వినపడనట్టు చొక్కా గుండీలు కుట్టుకునేవాడు. పెద్ద ఊరి ట్రాఫిక్ అంటే ఆయనకు భయమని డిపోలో చెప్పుకునేవాళ్ళు. నేనూ అదే అనుకున్నాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేమిటి, ఆ రోజుల్లో మా నాయన పిరికివాడని నాకు కొంచెం చిన్నతనంగానే ఉండేది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను డిగ్రీ పూర్తిచేసి, మదనపల్లెలో ఆరు నెలలు కంప్యూటర్ కోర్సు చదివి, పుంగనూరు బస్టాండు దగ్గర ఒక కంప్యూటర్ సెంటరులో టీచరుగా చేరాను. ఐదు కంప్యూటర్లు, ఒక టేబుల్ ఫ్యాను, గోడకు కీబోర్డు బొమ్మ. యజమాని కింద గడియారాల అంగడి నడిపే భాయ్. ఆయనకు కంప్యూటర్ ఆన్ చెయ్యడం రాదు గానీ వ్యాపారం తెలుసు. టైపింగ్, పెయింటు, లెక్కల ప్రోగ్రాములు నేర్చుకోవడానికి ఊళ్ళో జనం విరగబడి రాలేదు. ఒకరోజు భాయ్ బెంగుళూరు నుంచి ఒక సీడీ తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు.

"అమ్మా, ఇది అన్ని మిషన్లలో ఎక్కించు. దీనికి పిల్లకాయలు ఎగబడతాండారంట ఆడ."

ఎక్కించాను. అదొక దొంగల ఆట. సముద్రం పక్కన, తాటిచెట్ల లాంటి చెట్లున్న పెద్ద ఊరు. పూల చొక్కా వేసుకున్న మనిషి ఒకడు ముఠాల కోసం పనులు చేస్తూ తిరుగుతాడు. వాణ్ని మనం నడిపించాలి. దారిన పోయే కారును ఆపి, లోపలివాణ్ని కాలర్ పట్టి కిందికి లాగి, ఆ కారెక్కి పోవచ్చు. మనుషుల్ని కొట్టొచ్చు, కాల్చొచ్చు. తప్పులు పెరిగేకొద్దీ తెర మీద నక్షత్రాలు పెరుగుతాయి, పోలీసులూ పెరుగుతారు. ఏ పనీ చెయ్యకుండా ఊరంతా ఊరికే తిరిగినా అడిగేవాడు లేడు. ఆ ఆటకు ముందు భాగాలు ఉన్నాయని, తర్వాతా వస్తాయని డిగ్రీ కుర్రాళ్ళు నాకు పాఠం చెప్పారు. వాళ్ళకు నేను చెప్పాల్సిన పాఠాలు మాత్రం మూలన పడ్డాయి. వారం తిరిగేసరికి సెంటరు మెట్ల మీద చెప్పులు పట్టని పరిస్థితి వచ్చింది. భాయ్ నన్ను చూసి మీసం దువ్వుకునేవాడు.

సరిగ్గా ఆ నెలలోనే నాయనకు బెంగుళూరు పిలుపు మూడోసారి వచ్చింది. ఈసారి వద్దనే వీలు లేదు. ఇద్దరు పాత డ్రైవర్లు రిటైరయ్యారు, ఆ సర్వీసుకు మనిషి కావాలి. రెండు నెలల్లో కంటి పరీక్ష, అది అవుతూనే బెంగుళూరు డ్యూటీ. అమ్మ ఆ కాగితాన్ని దేవుడి పటం ముందు పెట్టి కర్పూరం వెలిగించింది. సాయంత్రానికల్లా వీధిలో ఎవరికి బెంగుళూరు నుంచి ఏమేం తెప్పించాలో జాబితా తయారైంది. నాయన మాత్రం ఆ రాత్రి అన్నంలో రెండుసార్లు మజ్జిగ పోసుకుని, రెండుసార్లూ తినకుండా లేచాడు.

తర్వాతి వారం సెలవునాడు మధ్యాహ్నం ఆయన నాకు క్యారియర్ ఇవ్వడానికి సెంటరుకు వచ్చాడు. ఒక కుర్రాడు దొంగల ఆటలో కారును ఫుట్‌పాత్ మీద పరిగెత్తిస్తున్నాడు. నాయన క్యారియర్ పట్టుకునే నిలబడిపోయాడు.

"ఏమ్మే, ఇది ఏ ఊరు?"

"ఏ ఊరూ కాదు నాయనా, ఆట."

"రోడ్లు బలే ఉండాయి. సిగ్నల్ దీపాలు కూడా పెట్టినారే."

ఇంత పెద్ద ఊళ్ళో, ఇన్ని తుపాకుల మధ్య, ఈయనకు సిగ్నల్ దీపాలు కనిపించాయా అని నవ్వుకున్నాను. "నేను నడపొచ్చునా?" అన్నాడు. అడగడానికి ఆయనకు మొహమాటంగా ఉందని గొంతులోనే తెలిసింది. నా కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను.

ముందు చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. భుజం మీది తువ్వాలుతో కీబోర్డు తుడిచాడు. దాన్ని తాకి వేళ్ళు కళ్ళకద్దుకున్నాడు. బస్సెక్కినప్పుడు స్టీరింగుకు చేసే మర్యాద అదే. తర్వాత "టైర్లు సూసుకునేది ఎట్ల?" అని అడిగాడు. చూసుకునే పని లేదంటే ఆయనకు నచ్చలేదు.

మొదటి అరగంట ఘోరం. ఆ ఊళ్ళో బండ్లు కుడిపక్కన పోతాయి. నాయన ఎడమపక్క పట్టుకుని, ఎదురొచ్చే ప్రతి బండికీ ఆగి దారిచ్చాడు. ఎదుటివాళ్ళూ ఆగారు. వాళ్ళ వెనక ఇంకొందరు ఆగారు. "అందరూ రాంగ్ సైడులో వస్తాండారు, తాగినారా ఏంది?" అన్నాడు. ఆ దేశంలో కుడిపక్కే సరైన పక్క అని చెప్పాను. కాసేపు ఆలోచించి, "సరే, ఏ ఊరి రూలు ఆ ఊరిది" అని పక్క మార్చుకున్నాడు. మళ్ళీ ఎప్పుడూ తప్పలేదు.

రెండో సెలవునాడు ఆయన కంట బస్సు పడింది. ఆ ఆటలో బస్సులు కూడా ఉంటాయి, స్టాపులో ఆపితే మనుషులు ఎక్కుతారు. నాయన ముఖం వెలిగిపోయింది. కానీ బస్సు కావాలంటే అందులోని డ్రైవరును లాగి పారెయ్యాలి.

"డ్యూటీలో ఉండే డ్రైవరు మీద చెయ్యి వేస్తారా ఎవురన్నా?" అని నాయన కీబోర్డు మీది చేతులు తీసేశాడు. ఆ కోపం నిజమైనది. అప్పుడు ఒక డిగ్రీ కుర్రాడు ఉపాయం చెప్పాడు. "సార్, ఆయనకు టైం అయిపోయినాది. మీరు రిలీవర్. మీరు పోయి టీ తాగి రాండి, ఆయన దిగిపోతాడు."

నాయన కిందికి పోయి టీ తాగి వచ్చేలోగా మేము డ్రైవరును లాగేవాళ్ళం, పోలీసు వెంటపడితే వదిలించుకునేవాళ్ళం, బస్సును మర్యాదగా స్టాపులో నిలిపేవాళ్ళం. ఆయన వచ్చి "ఆయప్ప దిగినాడా?" అని అడిగేవాడు. "దిగినాడు సార్" అనేవాళ్ళు కుర్రాళ్ళు. అబద్ధం కూడా కాదు, దిగే ఉంటాడు, రోడ్డు మీద బోర్లా.

ఇక ఆ ఊళ్ళో మా నాయన సర్వీసు మొదలైంది. పక్క కంప్యూటర్లలో బ్యాంకులు దోస్తున్నారు, హెలికాప్టర్లు కూలుస్తున్నారు. మా నాయన స్టాపు స్టాపుకూ ఆగుతూ, దాటేవాళ్ళకు దారిస్తూ, ముందు బండికి రెండు గజాల దూరం వదిలి పోతున్నాడు. ఆయన బస్సులోని పూల చొక్కావాడు ఆ ఆట పుట్టినప్పటి నుంచి అంత నిమ్మళంగా ఎప్పుడూ బతికి ఉండడు. కుర్రాళ్ళు తమ ఆట ఆపి వచ్చి నాయన వెనక నిలబడేవాళ్ళు. "సార్ ఆట సూస్తే నిద్దరొస్తుందక్కా, అయినా సూడబుద్ధవుతాది" అని ఒకడు నాతో అన్నాడు. బెంగుళూరు భయం పోవాలని సాధన చేస్తున్నాడు పాపం అనుకున్నాను. సగం నిజమే.

నాలుగో వారానికి నాకు ఒక సంగతి తట్టింది. సిగ్నల్ దగ్గర ముందు బండి ఉంటే నాయన దాని వెనకే ఆగి, దాని వెనకే కదులుతాడు. ఎక్కడా పొరపాటు రాదు. ముందు బండి లేకపోతే మాత్రం, దీపం ఏ రంగున్నా ఆగిపోతాడు. పక్కన ఇంకో బండి వచ్చి కదిలేదాకా కదలడు. "ఆకుపచ్చ పడిండాది సార్, పోండి" అని కుర్రాళ్ళు అరిస్తే, "తొందర యాలప్పా" అంటాడు. మా సెంటరులో మానిటర్లు పాతవి. దూరం నుంచి మూడు దీపాలూ కలిసి ఒకే చుక్కలా కనపడతాయి. పైదా, కిందిదా అనేది తెలియదు, రంగు ఒక్కటే తెలుస్తుంది.

నాకు అనుమానం వచ్చింది గానీ దాన్ని అనుమానం అని ఒప్పుకోలేదు. ఒకరోజు కరెంటు పోతే కుర్రాళ్ళు వెళ్ళిపోయారు. కరెంటు మళ్ళీ వచ్చాక, ఆట బదులు బొమ్మలు వేసే పెయింటు ప్రోగ్రాం తెరిచాను. "నాయనా, నీ బస్సు గీయి" అన్నాను. ఆయన నాలుక కొరుక్కుంటూ ఒక పెట్టె, దానికి ఆరు కిటికీలు, నాలుగు చక్రాలు గీశాడు. నిచ్చెన కూడా పెట్టాడు, పైకి గంపలు ఎక్కించడానికి. "ఇంక రంగు పూయి" అన్నాను. తెర అడుగున ఉన్న రంగుల డబ్బాలన్నీ చూసి, ఒకదాన్ని నొక్కి, బస్సు మీద పోశాడు.

ఇరవై రెండేళ్ళు ఎర్రబస్సు నడిపిన మనిషి బస్సుకు ముదురు ఆకుపచ్చ పూశాడు. "అచ్చం ఇట్లనే ఉంటాది" అని నా వైపు చూసి నవ్వాడు. నేను నవ్వలేదు. నా ముఖం చూసి ఆయనకు అర్థమైపోయింది.

"తప్పు రంగా?" అన్నాడు మెల్లగా.

కింద భాయ్ అంగడిలో గడియారాలన్నీ ఒక్కసారి పన్నెండు కొట్టాయి. నాయన చేతులు ఒళ్ళో పెట్టుకుని చెప్పాడు. ఎరుపూ ఆకుపచ్చా ఆయనకు చిన్నప్పటి నుంచీ ఒకటే. రెండూ చింతపండు రంగులోనే కనిపిస్తాయి. ఉద్యోగంలో చేరేటప్పుడు రంగుచుక్కల పుస్తకం చూపించి, చుక్కల్లో దాగిన అంకె ఏదో చెప్పమన్నారట. వరసలో ఈయన ఆఖరివాడు. ముందున్న పదహారు మంది గట్టిగా చదివినవి చదివినట్టు విని, తన వంతు రాగానే అప్పజెప్పాడట. తర్వాతి పరీక్షల్లో అక్షరాలే చదివించారు గానీ రంగుల జోలికి ఎవరూ పోలేదట.

"కుప్పం రోడ్డులో సిగ్నల్ యాడుందిమే? మదనపల్లెలో పోలీసాయప్ప చెయ్యెత్తితే ఆగితే సరి. బెంగుళూరులో అట్ల కాదు గదా, రేత్రిపూట దూరం నుంచి పై దీపమో కింది దీపమో తెలీదు. అందుకే వద్దన్నా. ఈ ఆటలో ముందు బండిని సూసుకోని నడపడం అలవాటయితే, ఆడ కూడా నెట్టుకు రావచ్చునేమో అని..."

అప్పుడు నాకు టమోటాలు గుర్తొచ్చాయి. ఊరంతా టమోటాలను కళ్ళతో చూసి కొంటుంది. మా నాయన ఒక్కొక్కటీ నొక్కి చూసి కొనేవాడు. అయినా సగం పచ్చివి వచ్చేవి. "మదనపల్లె నుంచి టమోటా తేవడం చేతగాని మొగుడు నాకొక్కదానికే దొరికినాడు" అని అమ్మ తిట్టేది, ఆయన తలొంచుకుని తినేవాడు. ఇన్నాళ్ళూ పిరికివాడనే పేరు మోశాడు గానీ నోరు విప్పలేదు. నాకు ఆయన మీద జాలి, నా మీద నాకు కోపం, రెండూ ఒకేసారి వచ్చాయి.

ఆ కోపంలో నేను చేసిన పని మాత్రం తెలివైనది కాదు. "నేనున్నా కదా నాయనా, పాస్ చేయిస్తా" అన్నాను. నిజం చెబితే స్టీరింగు పోతుంది. స్టీరింగు లేని మా నాయనను నేను ఊహించుకోలేకపోయాను. ఇంటర్నెట్‌లో రంగుచుక్కల పుస్తకం వెతికి పట్టుకున్నాను. మొదటి పేజీ తప్ప ఆయనకు ఆ చుక్కల్లో అంకెలు కనిపించవు, నేను చెబుతాను, ఆయన బట్టీ పడతాడు. పేజీ ఒకటికి ఒక స్టేజీ పేరు పెట్టుకున్నాడు. "పుంగనూరు పన్నెండు, పలమనేరు ఎనిమిది, కోట ఇరవై తొమ్మిది" అని అన్నం తింటూ గొణుక్కునేవాడు. బెంగుళూరు రూటు చదువుకుంటున్నాడనుకుని అమ్మ ఇంకో గరిటె నెయ్యి వేసేది. రెండు రోజుల్లో పుస్తకమంతా వచ్చేసింది. ఎక్కడ తెరిచినా చెప్పేవాడు. దొంగల ఆటలో దొంగతనం చెయ్యనన్న మనిషికి నేను దగ్గరుండి దొంగతనం నేర్పుతున్నానని నాకు తోచనే లేదు.

పరీక్షకు నాలుగు రోజుల ముందు వచ్చిన సెలవునాడు ఆయన చివరిసారి సాధనకు కూర్చున్నాడు. కుర్రాళ్ళు ఐదారుగురు వెనక నిలబడ్డారు. బస్సు నిండుగా ఉంది. పెద్ద కూడలి వచ్చింది. ముందు బండి లేదు. నాయన ఆగాడు. పక్కన ఒక తెల్ల కారు వచ్చి ఆగింది. అది కదిలింది. దాన్ని నమ్మి నాయన కదిలించాడు.

ఆ కారు ఎర్రదీపాన్ని లెక్కచెయ్యకుండా పోయింది. ఆ ఊళ్ళో అలాంటివాళ్ళకేం కొదవ. ఎదురుగా తెల్లజుట్టు ముసలామె ఒకామె రోడ్డు దాటుతోంది. దబ్ మని చప్పుడొచ్చింది. ఆమె కింద పడింది.

"పారిపోండి సార్! పోలీసొస్తాడు!" అని కుర్రాళ్ళంతా ఒక్కసారి అరిచారు. వాళ్ళకది అలవాటైన పని. నాయన కదలలేదు.

"యాడికప్పా పోయేది? మనిషి పడిపోయిండాది." నా వైపు తిరిగి "దిగేది ఎట్లమే?" అన్నాడు. ఏ మీట నొక్కాలో చూపించాను. పూల చొక్కావాడు బస్సు దిగి, ఆమె పక్కన చేతులు కట్టుకున్నట్టు నిలబడ్డాడు. తెర మీద ఒక నక్షత్రం వెలిగింది. నాయన జీవితంలో మొదటి నక్షత్రం. కాసేపటికి అంబులెన్సు వచ్చింది. తెల్లబట్టల మనిషి దిగి, ఆమె గుండె మీద రెండుసార్లు నొక్కాడు. ఆమె లేచి, బట్టలైనా దులుపుకోకుండా నడిచి వెళ్ళిపోయింది. తర్వాత పోలీసు పరుగెత్తుకుంటూ వచ్చాడు. కుర్రాళ్ళు తలలు బాదుకున్నారు. నాయన కీబోర్డు మీది నుంచి చేతులు తీసి మోకాళ్ళ మీద పెట్టుకుని, పట్టుకోనిచ్చాడు. ఆ ఆటలో తనంతట తానే లొంగిపోయిన మనిషిని ఆ కుర్రాళ్ళు అంతకుముందు చూడలేదు.

రెండు క్షణాల్లో పూల చొక్కావాడు స్టేషన్ బయట నిలబడి ఉన్నాడు.

"ఇప్పుడేమవుతాది?" అన్నాడు నాయన.

"ఏం కాదు సార్, వదిలేసినారు. మళ్ళా ఆడుకోవచ్చు."

"కేసు లేదా?"

"లేదు సార్."

"లైసెన్సు పీక్కోలేదా?"

"ఈడ లైసెన్సే లేదు సార్."

నాయనకు పట్టరాని కోపం వచ్చింది. "ఇదేం ఊరు!" అని అరిచాడు. మా నాయన అరవగా నేను విన్నది అదొక్కసారే. మెట్ల మీద చెప్పులు తొడుక్కుంటూ నాతో మాత్రం మెల్లగా అన్నాడు. "ఆటలో కాబట్టి లేచి నడిచి పోయినాదిమే ఆయమ్మ. బెంగుళూరులో లేయదు."

పరీక్షకు మదనపల్లెకు నేనూ వెంట వెళ్ళాను. ఏం చేస్తాడో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. బస్సులో పెదవులు కదుపుతుంటే ఇంకా పేజీలు వల్లె వేస్తున్నాడనుకున్నాను. పాస్ కావాలని మొక్కుకోవాలా, వద్దని మొక్కుకోవాలా తెలియక, ఊరికే దండం పెట్టుకున్నాను.

తలుపు పక్క బల్ల మీద కూర్చుంటే లోపలి మాటలు వినిపించాయి. డాక్టరు చాలా మందిని చూసి విసిగి ఉన్నాడు. రంగుచుక్కల పుస్తకం తెరిచి "ఇదెంత?" అన్నాడు.

"పన్నెండు సార్. దీని తర్వాత ఎనిమిది, దాని తర్వాత ఇరవై తొమ్మిది. పుస్తకమంతా కంఠతా వస్తాది సార్. ఈ మొదటిది తప్ప కనపడేది మాత్రం ఒకటీ లేదు."

డాక్టరు పెన్ను పడేశాడు. ఆ చప్పుడు నాకు వినిపించింది. "ఏమయ్యా, ఇరవై రెండేళ్ళు బస్సు ఎట్లా నడిపినావు?"

"మా దారిలో దీపాలు లేవు సార్. మనుషులే ఉండారు. మనుషులు కనపడతారు."

బయటికొచ్చి నా పక్కన కూర్చుని, చొక్కా జేబులోంచి డ్యూటీ బ్యాడ్జీ తీసి తువ్వాలుతో తుడిచాడు. నేను ఏడ్చేశాను. "యాలమే ఏడ్చేది, కోడిపిల్ల కూడా పడలే గదా" అన్నాడు. అది ఓదార్పో, గర్వమో ఇప్పటికీ నాకు తెలియదు.

నడపడానికి పనికిరాడని కాగితం వచ్చింది. కుప్పం బస్టాండులో మైకు ముందు కూర్చుని వచ్చే బస్సులు, పోయే బస్సులు చెప్పే పని ఇచ్చారు. అమ్మ రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. తెప్పిస్తానని వీధికంతా మాటిచ్చింది మరి. మూడో రోజు పొద్దున పళ్ళెంలో పది టమోటాలు తెచ్చి నాయన ముందు పెట్టింది.

"ఇందులో మాగిండేది ఏదో సెప్పు."

నాయన చెయ్యి చాచాడు. "నొక్కకుండా సెప్పు" అంది. ఆయన పళ్ళెం వైపు చాలాసేపు చూసి తల అడ్డంగా ఊపాడు. అమ్మ "ఇన్నేండ్లు తిడతా ఉంటే ఒక్క మాట సెప్పకూడదా, నా నోట్లో మన్ను పడా" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ రోజు నుంచి మా ఇంటికి టమోటాలు అమ్మే తెచ్చింది.

స్టీరింగు దిగిన నాయన కోసం డిపోలో చిన్న సభ పెట్టారు. టెంట్ లేదు, నాలుగు కుర్చీలు, ఒక పూలదండ, ఒక శాలువా. అమ్మా నేనూ ముందు వరసలో కూర్చున్నాం. మేనేజరు మంచి మాటకారి. ఎదురుగా వంద మంది డ్రైవర్లు నిలబడి ఉంటే, మా నాయన గురించి పావుగంట మాట్లాడాడు. "ఇరవై రెండేళ్ళు! ఒక్క ప్రమాదం లేదు! ఒక్కటంటే ఒక్కటి!" అని శాలువా విప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

నాయన లేచి నిలబడ్డాడు. శాలువాకు మెడ వంచలేదు.

"ఒకటి జరిగింది సార్" అన్నాడు.

చప్పట్లు ఆగిపోయాయి. అమ్మ నా మోచెయ్యి గిల్లింది. మేనేజరు పక్కనున్న ఫైలు వైపు చూశాడు. "ఎప్పుడు? రికార్డులో లేదే?"

"పోయిన నెల. సిగ్నల్ దగ్గర. పెద్ద వయసు ఆయమ్మ, రోడ్డు దాటతాండె. నేను సూసుకోలేదు."

"ఏ ఊర్లోనయ్యా?" అన్నాడు మేనేజరు. గొంతు తగ్గిపోయింది.

"ఊరి పేరు తెలీదు సార్. మా పాప కంప్యూటర్లో."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత డిపో డిపో అంతా నవ్వింది. కండక్టర్లు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. నాయన నవ్వలేదు. "కొట్టింది కొట్టిందే గదా సార్" అని అలాగే నిలబడ్డాడు. ఆ మాట ఆయన ఎంత నిజంగా అంటున్నాడో ఆ వంద మందిలో నాకొక్కదానికే తెలుసు. మేనేజరు విప్పిన శాలువాను రెండు చేతుల్లో పట్టుకుని, కప్పాలో మడవాలో తోచక, నా వైపు చూశాడు.

నేను లేచాను. "కప్పండి సార్" అన్నాను. "ఆయమ్మ లేచి నడిచి పోయినాది. నేను సూసినా."